ఆన్‌లైన్‌లో చదివే పిల్లల కళ్లు అలసిపోకుండా: ఇంట్లో ఏది ముందు చేయాలి, ఏది తర్వాత

హైదరాబాద్ మల్కాజిగిరిలో మా ఇంటి ముందు గదిలో కూర్చుని పదో తరగతి, ఇంటర్ పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతాను. క్లాసు అయ్యాక తల్లిదండ్రులు ఫోన్ చేసి మార్కుల గురించి అడగడం తగ్గింది, కళ్ల గురించి అడగడం ఎక్కువైంది. "సాయంత్రానికి కళ్లు లాగుతున్నాయంటున్నాడు మేడమ్." "తలపోటని అన్నం కూడా తినకుండా పడుకుంటోంది." "బ్లూ కట్ అద్దాలు కొనమంటారా?" ఒక్కొక్కరికీ విడిగా చెబుతూ వచ్చినదంతా ఇక్కడ వరుసలో పెడుతున్నాను. నేను డాక్టర్‌ని కాను కాబట్టి మందుల జోలికి వెళ్లను.

క్లాసులు రోజుకు ఎన్ని గంటలుండాలో చాలామందికి తమ చేతిలో ఉండదు. టైంటేబుల్ కాలేజీది, కోచింగ్ వాళ్లది. తెర ఎంత దూరంలో ఉంది, వెలుతురు ఎటునుంచి పడుతోంది, మధ్యలో కన్ను ఎన్నిసార్లు దూరం చూసింది అన్నవి మాత్రం మన ఇంట్లో, మన చేతిలో ఉన్నవే. నా అనుభవంలో సగానికి పైగా ఇబ్బంది అక్కడే తగ్గుతుంది.

1. మొదటి రెండు రోజులు ఏమీ మార్చకండి

పిల్లలు కళ్లు నొప్పి అనగానే అద్దాలో చుక్కలో కొనేస్తాం. ఆగండి. రెండు రోజులు పక్కనుంచి, వాళ్లకు తెలియకుండా గమనించి ఒక నోటుబుక్కులో ఇవి రాసుకోండి.

☐ ఏ క్లాసు ఏ తెర మీద చూస్తున్నారు: ఫోనా, ట్యాబా, లాప్‌టాపా
☐ ముఖానికీ తెరకూ మధ్య దూరం క్లాసు మొదట్లో ఎంత, అరగంట తర్వాత ఎంత
☐ ఇబ్బంది ఏ వేళకు మొదలవుతోంది, క్లాసులు లేని ఆదివారం కూడా ఉంటోందా
☐ కళ్లు చికిలించడం, ఒక కన్ను మూసి చూడటం, తల ఒక పక్కకు వాల్చడం ఉన్నాయా
☐ విరామం ఇచ్చినప్పుడు ఏం చేస్తున్నారు
☐ రాత్రి ఫోన్ చేతిలోంచి ఎన్నింటికి దిగింది

పిల్లలు అన్నిటికీ "కళ్లు నొప్పి" అనే ఒక్క మాటే వాడతారు. కాస్త విడదీసి అడగండి. ఇసుక పడ్డట్టు గరగర, మంట అంటే ఎక్కువసార్లు కన్ను పొడిబారడం. రెప్పలు సరిగ్గా వేయకపోవడం, ముఖం మీదికి గాలి కొట్టడం దీనికి కారణాలు. నుదుటి దగ్గర పోటు, క్లాసు అయ్యాక కాసేపు దూరంవి మసకగా కనిపించడం అంటే చాలాసేపు దగ్గరే చూడటం వల్ల కంటి కండరం అలసిందనో, పవర్ ఉందనో అనుమానించాలి. మెడ, భుజాలు కూడా పట్టేస్తుంటే బల్ల ఎత్తు చూడండి. దురద పెట్టి అదేపనిగా నులుముకుంటుంటే అలర్జీ కావచ్చు. దానికి ఈ మార్గదర్శి చాలదు, డాక్టర్‌కి చూపించండి.

2. కళ్ల పరీక్ష చేయించండి, అదీ చుక్కల మందు వేసి

పవర్ ఉన్న పిల్లవాడికి బల్ల, లైటు ఎంత సర్దినా తలపోటు పోదు. అందుకే ఇది ముందు.

ఇంట్లో ఒక తేలిక పరీక్ష ఉంది. హాల్లో ఒక గోడకు తెలుగు క్యాలెండర్ తగిలించండి. తిథి, నక్షత్రాల సన్న అక్షరాలు వదిలేయండి. పండుగల పేర్లు రాసే మధ్యరకం అక్షరాలు చాలు. పిల్లవాడిని ఎదుటి గోడ దగ్గర నిలబెట్టి, అరచేతితో ఒక కన్ను మూయించండి. కంటిని అదమకూడదు, గిన్నెలా పెట్టిన చెయ్యి అడ్డం ఉంటే చాలు. తర్వాత రెండో కన్ను. రెండు కళ్లకూ తేడా చెప్పినా, మీకు హాయిగా కనిపించేవి వాడికి కనిపించకపోయినా, ఆ వారంలోనే పరీక్షకు వెళ్లండి. ఇక్కడ అన్నీ చదివేశాడు కదా అని అసలు పరీక్ష మానేయకండి.

మా బాబు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు జరిగింది చెబుతాను. దూరంవి మసకగా ఉన్నాయంటే వీధి చివర కళ్లజోళ్ల షాపుకి తీసుకెళ్లాను. మిషన్ ముందు రెండు నిమిషాలు కూర్చోబెట్టారు. మైనస్ ఒకటింపావు అన్నారు, సాయంత్రానికల్లా అద్దాలు చేతికి వచ్చాయి. నెల రోజులు పెట్టుకున్నాడు. తలపోటు తగ్గకపోగా రోజూ వచ్చేది. చివరికి కంటి డాక్టర్ దగ్గరికి వెళితే చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యేదాకా కూర్చోబెట్టి చూశారు. పవర్ దాదాపు లేదు. పొద్దస్తమానం ఫోన్ దగ్గరగా చూడటంతో దగ్గరి చూపుకు పనిచేసే కండరం బిగుసుకుపోయి సడలడం లేదని, అది మిషన్‌కి మైనస్‌లాగా కనిపించిందని చెప్పారు. ఆ కండరం పిల్లల్లో చాలా బలంగా పనిచేస్తుంది. చుక్కలు దాన్ని కాసేపు సడలిస్తే అసలు పవర్ బయటపడుతుంది. ఆ నెల రోజులు వాడు పడ్డ బాధ గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. అందుకే పిల్లల మొదటి కళ్లజోడు విషయంలో ఎవరడిగినా ఇదే మాట గట్టిగా చెబుతాను.

పరీక్షకు వెళ్లేటప్పుడు:

☐ చుక్కలు వేశాక దగ్గరివి కొన్ని గంటలు మసకగా ఉంటాయి, కొన్ని రకాల మందుకు ఒకటి రెండు రోజులు కూడా. స్కూలు, కాలేజీ పరీక్షల ముందు రోజు వెళ్లకండి
☐ ఎండ చూస్తే కళ్లు జిగేలుమంటాయి, టోపీ పెట్టుకోవాలి
☐ ఇంటర్ పిల్లలు బండి తామే నడుపుకుంటూ తిరిగి రాకూడదు
☐ పాత అద్దాలు, పాత చీటీ, మీరు రాసిన రెండు రోజుల నోటుబుక్కు పట్టుకెళ్లండి

నగరంలో ఉన్నవాళ్లకు మెహదీపట్నం దగ్గర సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి, బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి తెలిసినవే. పొద్దున్నే వెళితే మంచిది. చుక్కలు, ఎదురుచూపు కలిపి సగం రోజు పడుతుంది.

డాక్టర్ అద్దాలు రాస్తే పెట్టుకోవాల్సిందే. అద్దాలు పెట్టుకుంటే పవర్ పెరుగుతుందన్న మాట నిజం కాదు. ఎదిగే వయసులో కనుగుడ్డు పొడవు పెరగడం వల్ల మైనస్ పెరుగుతుంది. పిల్లలకు ఏడాదికోసారి మళ్లీ చూపించాలి, పవర్ త్వరగా మారుతుంటే డాక్టర్ చెప్పిన గడువు ప్రకారం ఇంకా ముందే.

3. తెరను దూరం జరపండి: జాన, మూర, చేయి చాపు

టేపు వెతకక్కర్లేదు. మన పాత కొలతలు చాలు.

ఫోన్‌లో క్లాసు వినే పిల్లల్ని పక్కనుంచి చూడండి. మొదట మూరెడు దూరంలో ఉంటుంది. పావుగంటకు మోచేతులు మంచం మీద ఆనతాయి, తల వాలుతుంది, ఫోన్ జానెడు దూరానికి వచ్చేస్తుంది. కెమెరాలో నాకు పిల్లల నుదురూ కళ్లూ తప్ప ఇంకేం కనపడకపోతే జానెడు దాకా వచ్చారని అర్థం. తెర దగ్గరయ్యేకొద్దీ కండరం మీద భారం పెరుగుతుంది.

- ఫోన్: కనీసం మూరెడు. చేత్తో పట్టుకుంటే ఆ దూరం నిలవదు. బల్ల మీద స్టాండులో పెట్టాలి. స్టాండు లేకపోతే పప్పుల డబ్బాకి ఆనించినా సరే.
- లాప్‌టాప్: చెయ్యి పూర్తిగా చాపితే వేళ్లు తెరకు తగిలేంత.
- టీవీ: ఆరేడు అడుగులు, పెద్ద టీవీ అయితే ఇంకా వెనక్కి.

ఇంట్లో టీవీ ఉంటే పాఠం వినడానికి దాన్నే వాడమంటాను. లాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్, లేదా స్మార్ట్ టీవీకి ఫోన్ నుంచి కాస్ట్ చేయడం. 2020 సెప్టెంబర్‌లో కరోనాతో బడులు మూతపడి, తెలంగాణ ప్రభుత్వ బడుల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్లలో పాఠాలు వచ్చినప్పుడు, టీవీ ముందు కూర్చున్నవాళ్లకు ఈ దూరం దానంతట అదే దొరికింది. క్లాసు టీవీలో నడుస్తుంటే ఫోన్ హాజరుకీ, సందేహం అడగడానికీ మాత్రమే.

ఎత్తు కూడా చూడాలి. లాప్‌టాప్ తెర పై అంచు కంటికి సమానంగా, లేదా కాస్త కిందికి ఉండాలి. తెర మరీ ఎత్తులో ఉంటే కళ్లు పెద్దవి చేసి చూడాల్సి వచ్చి త్వరగా ఆరిపోతాయి. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంటే చిన్నపిల్లల కాళ్లు గాల్లో వేలాడతాయి, దాంతో ముందుకు వంగుతారు. పాదాల కింద ఒక పీట వేయండి. ఇంత చిన్న పనికి మా మేనకోడలు మెడనొప్పి వారంలో తగ్గింది.

పడుకుని క్లాసు వినడం మాత్రం ఒప్పుకోకండి. పక్కకు తిరిగి పడుకుంటే ఒక కన్ను తెరకు దగ్గరగా, ఇంకోటి దూరంగా ఉంటుంది. అలాంటప్పుడు ఏ దూరమూ నిలవదు.

4. వెలుతురు, గాలి

బల్లను కిటికీకి పక్కవాటంగా వేయండి. కిటికీ వెనక ఉంటే తెర మీద మెరుపు, ఎదురుగా ఉంటే కళ్లలోకి వెలుగు. ఆపేసిన తెరలో ట్యూబ్‌లైట్ అద్దంలోలాగా కనిపిస్తోందంటే బల్లను కొంచెం తిప్పాలి. చీకటి గదిలో తెర ఒక్కటే వెలుగుతూ ఉండకూడదు, రాత్రిపూట గది లైటు వేసే ఉంచండి.

మన ఊళ్లో మార్చి నుంచి కూలర్లు మొదలు. కూలర్ గాలి, ఏసీ గాలి, టేబుల్ ఫ్యాన్ ఏదైనా నేరుగా ముఖానికి కొడితే కంటిమీది తడి ఆరిపోతుంది. గాలి వీపుకో కాళ్లకో తగిలేలా తిప్పండి. గరగర అన్నవాళ్లలో చాలామందికి నేను మొదట అడిగే ప్రశ్న, "ఫ్యాన్ ఎటుంది?"

5. ఫోన్, లాప్‌టాప్ సెట్టింగులు

తెర పక్కన ఒక తెల్ల కాగితం పెట్టండి. తెర ఆ కాగితం కంటే దీపంలా వెలిగిపోతుంటే బ్రైట్‌నెస్ ఎక్కువ, బూడిదరంగుగా కనిపిస్తే తక్కువ. పగలు, రాత్రి రెండుసార్లు ఇలా సరిచేయాలి.

అక్షరాల సైజు పెంచండి. తెలుగు మీడియం పిల్లలకు ఇది మరీ ముఖ్యం. తెలుగులో వత్తులు, గుణింతాలు అక్షరం కిందా పైనా సన్నగా ఉంటాయి. ఇంగ్లీషుకు సరిపోయే సైజులో "స్త్ర"కీ "స్త"కీ తేడా తెలియక పిల్లలు ముందుకు వంగుతారు. లాప్‌టాప్ బ్రౌజర్‌లో కంట్రోల్ నొక్కి ప్లస్ నొక్కితే పెరుగుతుంది. తెలుగు పేజీలకు 125 శాతమైనా పెట్టండి. ఫోన్‌ను అడ్డంగా తిప్పి చదవడం కూడా మేలే.

తెర నీలి వెలుగును ఆపుతాయని చెప్పే బ్లూ కట్ అద్దాల గురించి రోజూ అడుగుతారు. వైద్య పరిశోధనలను కలిపి విశ్లేషించే కాక్రేన్ సంస్థ 17 ప్రయోగాలను చూసి చేసిన సమీక్ష ఒకటి 2023లో వచ్చింది. మామూలు అద్దాలతో పోలిస్తే వీటివల్ల కళ్ల అలసట తగ్గే అవకాశం, కనీసం తక్కువ కాలంలో, లేనట్టేనని అందులో తేల్చారు. ఆ డబ్బుతో మంచి స్టాండు, కేబుల్ కొనండి. డార్క్ మోడ్ కొందరికి హాయిగా ఉంటుంది, కొందరికి అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. పిల్లల ఇష్టానికి వదిలేయండి.

6. ఏ పని తెర మీద, ఏ పని కాగితం మీద

2020 జూలైలో కేంద్రం ప్రజ్ఞాత పేరుతో ఆన్‌లైన్ చదువుకు మార్గదర్శకాలు ఇచ్చింది. 1 నుంచి 8 తరగతులకు రోజుకు 30–45 నిమిషాల క్లాసులు రెండుకు మించకూడదు, 9 నుంచి 12కు నాలుగుకు మించకూడదు అన్నది అందులోని మాట. ఈఏపీసెట్ (పాత ఎంసెట్), నీట్, జేఈఈ కోచింగ్‌లో ఉన్న పిల్లవాడు ఇంత తక్కువలో ఆగడని నాకు తెలుసు. అందుకే తెర అవసరం లేని పనిని వెతికి బయటికి తీయాలి.

ఒక రోజు పని కాగితం మీద రాసి చూడండి. లైవ్ క్లాసు తెర మీదే వినాలి. లెక్కలు చేయడానికి, సూత్రాలు చదవడానికి, పాత ప్రశ్నపత్రాలకు తెర అక్కర్లేదు. పీడీఎఫ్‌లను పెన్ డ్రైవ్‌లో తీసుకెళ్లి జిరాక్స్ షాపులో రెండు వైపులా ప్రింట్ తీయించండి. వాట్సాప్‌లో వచ్చే చేతిరాత నోట్సు ఫోటోలు కళ్లకు అన్నిటికన్నా కష్టం. నీడలు, వంకర గీతలు, పెద్దవి చేసి జరిపి జరిపి చూడటం. వాటిని ముందు ప్రింట్ తీయించండి. రికార్డింగ్ రెండోసారి వింటుంటే చూడక్కర్లేదు, తెర బోర్లించి చెవులతో వింటే చాలు.

కాగితం మీద చదివినా దూరం, విరామం పాటించాలి. పుస్తకం జానెడు దూరంలో పెట్టుకుంటే కంటికి ఫోన్‌తో సమానమే.

ఇంట్లో చంటిపిల్లలు ఉంటే వాళ్ల సంగతీ చూడండి. రెండేళ్లలోపు వాళ్లకు తెర వద్దని, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు గంటకు మించవద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు.

7. 20-20-20ని సరిగ్గా చేయడం

ప్రతి 20 నిమిషాలకు, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని, 20 సెకన్లు చూడాలి. ఈ సూత్రం అందరికీ నోటికి వచ్చు. చేసేది మాత్రం తప్పు.

మొదటి తప్పు, విరామం రాగానే లాప్‌టాప్ మూసి ఫోన్ తీయడం. కంటికి ఇది విరామం కాదు, తెర ఇంకా దగ్గరైంది.

రెండోది, 20 అడుగులు ఎంతో తెలియకపోవడం. మన రెండు బెడ్‌రూముల ఫ్లాట్లలో ఏ గదిలోనూ అంత దూరం దొరకదు. గోడవైపు చూస్తూ 20 లెక్కపెడితే పది అడుగులే. కిటికీ దగ్గరికో బాల్కనీలోకో వెళ్లాలి.

నా క్లాసులో మొదటి రోజే ప్రతి పిల్లవాడినీ ఇంట్లోంచి కనిపించే ఒక దూరపు గుర్తు ఎంచుకోమంటాను. ఒకమ్మాయికి ఎదుటి మేడ మీద నల్ల నీళ్ల ట్యాంకు. ఒకడికి మెట్రో పట్టాలు. మౌలాలి వైపు ఉండే ఒకబ్బాయికి గుట్ట. 20 నిమిషాలకు అలారం మోగగానే నేను "ట్యాంకు!" అంటాను, అందరూ లేచి కిటికీ దగ్గరికి వెళతారు. ఆ గుర్తు మీద ఏదైనా చిన్న వివరం వెతకమంటాను: ట్యాంకు మూత తెరిచి ఉందా, దాని మీద కాకి ఉందా. ఊరికే చూడమంటే కన్ను అటు తిరుగుతుంది గానీ చూపు నిలవదు. వివరం వెతికితే నిలుస్తుంది. ఇది మొదలుపెట్టాక చివరి అరగంటలో కళ్లు నులుముకునేవాళ్లు బాగా తగ్గారు.

మూడో తప్పు రెప్పలను మరిచిపోవడం. మామూలుగా నిమిషానికి 15–20 సార్లు రెప్ప వేస్తాం. తెర చూస్తున్నప్పుడు సగానికో, అంతకన్నా తక్కువకో పడిపోతుంది, వేసిన రెప్ప కూడా సగమే దిగుతుంది. అందుకే ట్యాంకు చూసి వచ్చాక కళ్లు మెల్లగా పూర్తిగా మూసి, ఒక్క క్షణం ఆగి, తెరవడం పదిసార్లు.

రెండు క్లాసుల మధ్య పది నిమిషాలు లేచి తిరగాలి. నీళ్ల సీసా బల్ల మీద కాకుండా వంటింట్లో పెడితే లేవడం అదే జరుగుతుంది.

8. రోజూ బయటి వెలుతురు

మైనస్ పవర్ రాకుండా ఇంట్లో మనం చేయగలిగిన వాటిలో గట్టి ఆధారం ఉన్నది ఇదే. పగటిపూట రోజుకు దాదాపు రెండు గంటలు ఆరుబయట గడిపే పిల్లల్లో మైనస్ మొదలయ్యే అవకాశం తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. మన గదుల వెలుతురు కొన్ని వందల లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత). బయట పగటి వెలుగు పది వేల లక్స్ దాటుతుంది. చెట్టు నీడలో ఉన్నా గది కంటే చాలా ఎక్కువ.

రెండు గంటలూ ఒకేసారి అక్కర్లేదు. పొద్దున అరగంట పాల ప్యాకెట్‌కు, పార్కుకు. మధ్యాహ్నం భోజనం తర్వాత వరండాలో కాసేపు. సాయంత్రం గంట ఆట. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిదిలోపు, ఐదు తర్వాత. టోపీ పెట్టుకోవచ్చు. సూర్యుణ్ని నేరుగా చూడకూడదు. మేడ మీదికి వెళ్లి అక్కడా ఫోన్ చూస్తే లాభం పోతుంది, ఫోన్ కిందే వదలాలి.

9. రాత్రి

పడుకోవడానికి గంట ముందు తెరలు ఆపాలి. ఫోన్లన్నీ హాల్లో ఒకచోట చార్జింగ్‌కి పెట్టండి, మీవి కూడా. అలారానికి ఫోన్ కావాలంటారు. పాతకాలం గడియారం కొనివ్వండి. దుప్పటి కింద ఫోన్ చూడటంలో చీకటి, జానెడు దూరం, నిద్ర తగ్గడం మూడూ కలుస్తాయి. పొద్దున్నే కళ్లు మంటలంటే ముందు రాత్రి సంగతి అడగండి.

10. తరచూ చేసే పొరపాట్లు, సరిదిద్దుకునే తీరు

*మెడికల్ షాపులో అడిగి చుక్కలు తేవడం.* ఎరుపు వెంటనే తగ్గించే కొన్ని చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటుంది. డాక్టర్ చూడకుండా వారాల తరబడి వాడితే కంటి లోపలి ఒత్తిడి పెరిగి గ్లకోమా రావచ్చు, శుక్లం కూడా. పిల్లలకు ఎండాకాలంలో వచ్చే అలర్జీకి పాత సీసాయే మళ్లీ మళ్లీ వాడే ఇళ్లు నాకు తెలుసు. దయచేసి ఆ సీసా ఈ రోజే పారేయండి.

*కళ్లు గట్టిగా నులమడం.* హాయిగా ఉంటుంది, కానీ అలవాటైతే నల్లగుడ్డు ముందుపొర పలచబడి ముందుకు పొడుచుకొచ్చే జబ్బుకు దారితీయొచ్చు. శుభ్రమైన గుడ్డను చల్లటి నీళ్లలో తడిపి మూసిన కళ్ల మీద ఐదు నిమిషాలు వేయండి.

*తేనె, ఆముదం, రోజ్ వాటర్ కళ్లలో వేయడం.* వద్దు. క్రిములు లేకుండా తయారైనవి కావు, ఇన్ఫెక్షన్ రావచ్చు.

*అక్క పాత అద్దాలు తమ్ముడికి పెట్టడం.* పవర్, కళ్ల మధ్య దూరం రెండూ వేరు. తలపోటు ఖాయం.

*క్యారెట్, ఆకుకూరలు తింటే అద్దాలు పోతాయనుకోవడం.* తినడం మంచిదే, విటమిన్ ఏ కంటికి కావాలి. వచ్చిన మైనస్ మాత్రం దాంతో పోదు. అద్దాలు తీయిస్తామనే కంటి వ్యాయామాల ప్రకటనలదీ అదే సంగతి.

11. ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినవి

పైవన్నీ రెండు మూడు వారాలు పాటించినా తలపోటు, మసక తగ్గకపోతే మళ్లీ చూపించండి. కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ వారాలు కూడా ఆగొద్దు, అదే రోజు వెళ్లండి:

☐ ఉన్నట్టుండి ఒక కంటి చూపు తగ్గడం, లేదా తెర కప్పినట్టు ఒక పక్క నల్లబడటం
☐ మెరుపులు కనిపించడం, నల్ల చుక్కలు ఒక్కసారిగా ఎక్కువవడం
☐ తీవ్రమైన నొప్పితో ఎరుపు, వెలుగు చూడలేకపోవడం
☐ కొత్తగా మెల్లకన్ను రావడం, ఒకటి రెండుగా కనిపించడం
☐ చిన్నపిల్లల ఫోటోల్లో ఒక కంటిపాప తెల్లగా మెరవడం
☐ తలపోటుతో పాటు వాంతులు, నిద్రలోంచి లేపేంత పోటు

వెళ్లినప్పుడు "ఫోన్ ఎక్కువ చూస్తాడండీ" అని మొదలుపెట్టకండి. ఆ ఒక్క మాటతో మిగతావన్నీ పక్కకు పోతాయి. ఎప్పుడు మొదలైంది, ఏ కన్ను, ఎంతసేపు ఉంటుంది, ఏం చేస్తే తగ్గుతోంది అన్నవి నోటుబుక్కు తెరిచి చదవండి. పిల్లవాడు పక్కనే ఉంటాడు కాబట్టి మిగతాది వాడినే చెప్పనివ్వండి.